మాట్లాడినవారి పేర్లు

బడి తెరిచిన రెండో రోజు, మూడో పీరియడ్‌కి సివిక్స్ టీచరు రోహిణి ఏడో తరగతిలో అడుగు పెట్టేసరికి బోర్డు మీద ఎడమ పక్క పెద్ద అక్షరాలతో 'మాట్లాడినవారు' అని రాసి ఉంది. దాని కింద పద్నాలుగు పేర్లు. కొన్ని పేర్ల పక్కన ఇంటూ గుర్తులు. గంగరాజు పేరు పక్కనైతే ఆరు ఇంటూలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని బోర్డు చివరిదాకా వెళ్ళిపోయాయి.

క్లాసు లీడరు మాధురి సుద్దముక్క పట్టుకుని పోలీసులా నిలబడి ఉంది.

"ఈ ఇంటూలేమిటమ్మా?" అని అడిగింది రోహిణి.

"పేరు రాసాక కూడా మాట్లాడితే ఒక ఇంటూ అండి. గంగరాజు, నా పేరెందుకు రాసావని అడిగాడండి. దానికో ఇంటూ. ఇంటూ ఎందుకేసావన్నాడండి. దానికింకోటి."

రోహిణికి పెళ్ళయి ఆనాటికి ఇరవై ఆరు రోజులు. గాజులు చేతినిండా ఉండడంతో ఆమె బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చప్పుడు కంటే గాజుల చప్పుడే ఎక్కువ వినిపించేది. గోదావరి గట్టు పక్కనున్న ఆ లంకపేట ఊరూ, పెంకుటి బడీ, కిటికీలోంచి పడే ఎండలో తేలే సుద్దపొడీ ఆమెకి కొత్త చీర మడతలు విప్పినంత సంబరంగా ఉండేవి. మధ్యాహ్న భోజనంలో ఎవడైనా గుడ్డు చిట్లకుండా ఒలిస్తే ఆగి మెచ్చుకునేది.

గంగరాజు లేచి నిలబడ్డాడు. "ఈ పీరియడ్‌లో ఏముంటాదండి? లెక్కల్లో లెక్కలుంటాయి. సైన్సులో కప్పలుంటాయి. సివిక్స్‌లో ఏముంటాదండి?"

శాసనసభ, రాజ్యాంగం, ఓటుహక్కు అని చెప్పడానికి ఆమె బీఈడీ నాడే జవాబు తయారు చేసి పెట్టుకుంది. నోటికి వేరే మాటలొచ్చాయి.

"ఇందులో మాట్లాడుకోవడం ఉంటుంది గంగరాజూ. నీకు నచ్చంది నచ్చలేదని చెప్పొచ్చు. కాకపోతే నీకు నచ్చని మాట ఇంకొకరు చెబుతుంటే కూర్చుని వినాలి. ఆ వినడం దగ్గరే మనందరికీ కష్టం."

మాధురి చెయ్యెత్తింది. "మాట్లాడుకోవడమే పాఠమైతే మరి నేను పేర్లు రాయాలా, మానెయ్యాలా అండి?"

క్లాసంతా నవ్వింది. రోహిణి కూడా నవ్వింది. "రాయమ్మా. ఎవరెవరు మాట్లాడారో నాక్కూడా తెలియాలిగా."

ఆ వారమే తరగతి ఊడ్చే వంతుల మీద ఓ పీరియడంతా వాదన నడిచింది. సాయంత్రం వంతు అందరికీ వెయ్యాలని కొందరన్నారు. గంగరాజు బల్ల ఎక్కినంత పని చేసి, "లంకలో ఉండేవాళ్ళకి సాయంత్రం వంతు వేస్తే ఎలాగండి, ఆళ్ళ పడవ వెళ్ళిపోద్ది కదా" అన్నాడు. లంకలో ఉండేవాళ్ళంటే ఆ క్లాసులో ఒక్కతే, ఆఖరి వరసలో కూర్చునే సలోమి. ఏటి మధ్య దిబ్బ మీద వాళ్ళ కూరగాయల పాదులు. రోజూ పడవ దాటి వస్తుంది. పరికిణీ అంచుకి ఎప్పుడూ కాస్త ఇసుక అంటుకుని ఉంటుంది. తన గురించి అంత గొడవ జరుగుతున్నా ఆ పిల్ల తల వంచుకుని పెన్సిలు చెక్కుకుంది తప్ప నోరు విప్పలేదు. బోర్డు మీద ఆమె పేరు ఆరో తరగతి నుంచి ఒక్కసారీ పడలేదని మాధురి చెప్పింది.

*

రోహిణి భర్త చక్రధర్ కాకినాడలో ఓ చిన్న ప్రయోగశాలలో పరిశోధకుడు. పొద్దున్న ఏడున్నర బస్సెక్కి, సాయంత్రం ఆరున్నరకి దిగేవాడు. దిగేటప్పుడు చేతిలో ఏదో ఒక పొట్లం ఉండేది. ఒకరోజు వేరుశనక్కాయలు, ఒకరోజు మల్లెపూలు, ఒకరోజు ఊరికే నచ్చిందని కొన్న నిమ్మకాయలు పిండే చెక్క. వాటి కోసం మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడి ఎదురుచూడడం రోహిణికి రోజులో అన్నిటికంటే ఇష్టమైన పని.

వాళ్ళ వంటగట్టు మీద పుస్తకమంత పలక ఒకటి ఉండేది. పైన సన్నటి రాగి జాలీ, అంచున మూడు చిన్న దీపాలు. నాలుగేళ్ళుగా చక్రధర్ చేస్తున్న పని అంతా అందులో ఉంది. రోహిణి కాపరానికి వచ్చిన మొదటివారంలో ఓ సాయంత్రం అతను దీపాల పక్కన బెండకాయ, దొండకాయ, ఆనపకాయ బొమ్మలు అంటించాడు.

"చెయ్యి పెట్టు. రేపు కూరేమిటో చెబుతుంది."

ఇద్దరూ చెరో అరచెయ్యీ ఆనించారు. చేతుల కింద గోరువెచ్చగా, నిద్రపోతున్న పిల్లి గుండెలా, ఏదో మెల్లగా కొట్టుకున్నట్టయింది. నాలుగు సెకన్లలో ఆనపకాయ పక్కన ఆకుపచ్చ దీపం వెలిగింది.

"ఎలా తెలిసిందండీ దీనికి?"

"చేతిలో చెమట, నాడి, వేళ్ళ బిగువు చూస్తుంది. చేతులెత్తే ఓటులో ఓడిపోయినవాళ్ళు మిగులుతారు కదా. వాళ్ళు మనసులో పెట్టుకుంటారు. ఇది అలా కాదు. అందరూ నొసలు ముడి వెయ్యకుండా దేనికి ఒప్పుకుంటారో దాన్ని పట్టుకుంటుంది. ఇందులో ఓడిపోయినవాళ్ళుండరు."

"మరి ఈ వెచ్చదనం?"

"బిగుసుకున్న చేతిని చదవడం కష్టం. అందుకని, హాయిగా ఒప్పుకున్న ఓ చేతి నాడిని నమూనాగా కింద నుంచి కొట్టిస్తాను. మిగతా చేతులు దాంతో కుదుటపడతాయి."

"ఎవరిదా చెయ్యి?" అని ఆమె అడిగేలోపు పొయ్యి మీద పాలు పొంగాయి. ఇద్దరూ పరుగెత్తారు. పొయ్యి తుడుస్తూ నవ్వుకోవడంలో ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఆనపకాయ మాత్రం ఉండిపోలేదు. శనగపప్పు వేసి, పాలు పోసి, పులుసు పెట్టి, తొక్కతో పచ్చడి చేసి, రోజు విడిచి రోజు అదే. అడిగినప్పుడల్లా ఆకుపచ్చ దీపం దాని దగ్గరే వెలిగేది. ఆయనకిష్టం కాబోలనుకుని రోహిణి రెండుసార్లు వడ్డించేది. అతను రెండుసార్లూ పెట్టించుకునేవాడు.

*

చక్రధర్ ఆ పలకనే ఓ తరగతికి సరిపడా పెద్ద బల్లగా చేశాడు. దాన్ని ఏదైనా ఒక బడిలో మూడు నెలలు పరీక్షించి చూడాలన్నారు ప్రయోగశాలవాళ్ళు. నాలుగు బళ్ళు వద్దన్నాయి. లంకపేట హెడ్మాస్టరు సరేనన్నారు.

"మొగుడి బల్లని పెళ్ళాం పరీక్ష చెయ్యడం ఎక్కడైనా ఉందా అమ్మా?" అని నవ్వారాయన. "సరే, నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదులే."

ఆఖర్న నివేదిక మీద సంతకం పెట్టాల్సింది ఆ తరగతి టీచరు, అంటే రోహిణే. తగినదని రాస్తే బల్ల నాలుగు వందల బళ్ళకి వెళుతుంది. తగదని రాస్తే ప్రాజెక్టు మూసేస్తారు. ఈ సంగతి చక్రధర్ ఒక్కసారే చెప్పాడు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే అది అతనికెంత పెద్దదో రోహిణికి తెలిసింది.

జూలై మొదటి తారీకున ఆటోలో నాలుగు ముక్కలుగా వచ్చింది బల్ల. కలిపితే తరగతి మధ్యన పెద్ద చతురస్రం. చుట్టూ ముప్పై ఒక్కమంది నిలబడి ఒక్కో చెయ్యి ఆనించారు.

"వెచ్చగా ఉందండి," అన్నాడు గంగరాజు. "మా అమ్మమ్మ ఒళ్ళో పడుకున్నట్టుందండి."

ఊడ్చే వంతులు నాలుగు సెకన్లలో తేలిపోయాయి. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో తేలిపోయింది. ఆటల పీరియడ్‌లో కబడ్డీయా ఖోఖోయా అన్నదీ తేలిపోయింది. దాని కోసం కిందటేడు ఒకడి చొక్కా చిరిగిందట. ఇప్పుడెవరూ మొహం ముడుచుకోలేదు. పక్క క్లాసుల టీచర్లు గుమ్మంలో నిలబడి వింతగా చూసి వెళ్ళారు. రోహిణి ఛాతీ ఉప్పొంగిపోయింది. వారం వారం పంపే కాగితంలో 'గొడవలు లేవు' అని అందమైన అక్షరాలతో రాసేది.

బోర్డు మీద పద్నాలుగు పేర్లు ఆరయ్యాయి. ఆరు రెండయ్యాయి. ఆగస్టులో 'మాట్లాడినవారు' అన్న మాట కింద ఖాళీ.

"నాకు పనే లేకుండా పోయిందండి," అంది మాధురి, అరగని సుద్దముక్క చూపిస్తూ. "ఇంటూ వేసి ఎన్నాళ్ళయిందో."

"మంచిదే కదమ్మా."

"మంచిదేనండి," అంది మాధురి. కానీ సుద్దముక్కని జేబులో పెట్టుకునేటప్పుడు ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

ఓ రోజు శాసనసభ పాఠం. "గెలిచినవాళ్ళే పాలిస్తారు కదా. మరి ప్రతిపక్షం ఎందుకు? ఇంటికెళ్ళిపోవచ్చుగా?" అని అడిగింది రోహిణి. జూన్‌లో అయితే ఈ ప్రశ్నకి పైకప్పు ఎగిరిపోయేది. ఇప్పుడు ముప్పై ఒక్క మొహాలు ప్రశాంతంగా ఆమెవైపు చూశాయి. చాలాసేపటికి గంగరాజు అన్నాడు:

"చెయ్యి పెట్టమంటారా అండి?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకో తెలియలేదు. గంట కొట్టారు.

*

నవంబరులో జిల్లా స్థాయిలో పిల్లల నమూనా శాసనసభ పోటీ. దానికి సాధన కావాలి. రోజూ ఓ గంట. బడికి ముందా, మధ్యాహ్నమా, బడి అయ్యాకా? రోహిణి మూడు బొమ్మలు అంటించింది. పిల్లలు చేతులు పెట్టారు. సలోమి కూడా పెట్టింది. నాలుగు సెకన్లు. 'బడి అయ్యాక' దగ్గర ఆకుపచ్చ దీపం.

అంత తేలిగ్గా అయిపోవడంతో రోహిణి ఇంకేమీ ఆలోచించలేదు. పడవ సంగతి ఆమెకీ గుర్తు రాలేదు. గుర్తు చెయ్యడానికి ఎవరూ నోరు విప్పలేదు.

సెప్టెంబరు మూడో వారంలో సలోమి రావడం మానేసింది. ఒకరోజు జ్వరమేమోననుకున్నారు. నాలుగో రోజు శనివారం ఒంటిపూట బడి. రోహిణి గొడుగు పట్టుకుని రేవుకి వెళ్ళి పడవెక్కింది. ఏరు ఎర్రగా, నిండుగా ఉంది. పడవవాడు గెడ వేస్తూ, "లంకకా అండి? తిరుగుపడవ నాలుగుముప్పావుకే ఆఖరండి, చూసుకోండి మరి" అన్నాడు.

నాలుగుముప్పావు. సాధన ముగిసేది అయిదుంపావుకి. రోహిణికి పడవ బల్ల మీద కూర్చున్నదల్లా ఏటిలో దిగబడిపోయినట్టయింది.

సలోమి తల్లి మార్తమ్మ వంకాయలు కోస్తోంది. టీచర్ని చూసి కంగారుగా చేతులు తుడుచుకుని, గోనె పరిచింది.

"రెండు వారాలు వంతెన మీదగా చుట్టూ తిరిగి నడిచొచ్చిందండి. పది కిలోమీటర్లండి. పొద్దుగూకి, దారి కనపడక... పోయిన సోమవారం గట్టు మీద కుక్కలు తరిమినాయండి. పన్నెండేళ్ళ పిల్లండి. ఇంక చదువొద్దులే అన్నాడండి వాళ్ళ నాన్న."

సలోమి వాకిట్లో నిలబడి ఉంది. మోకాలి మీద ఎండిన దెబ్బ.

"నాకు చెప్పలేదేమమ్మా?" అంది రోహిణి.

ఆ పిల్ల ఇసుకలో బొటనవేలితో గీత గీసింది. "అందరం ఒప్పుకున్నాం కదండి. నేనూ చెయ్యి పెట్టాను కదండి."

"నీకు కుదరదని తెలుసుగా?"

"బల్ల మీద చెయ్యి ఉన్నంతసేపూ ఫర్వాలేదనిపించిందండి. ఎంత దూరమైనా నడవగలననిపించిందండి." తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లిగా అంది. "చెయ్యి తీసాక అనిపించలేదండి."

మార్తమ్మ వద్దంటున్నా వినకుండా ఒడినిండా వంకాయలు పోసింది. తిరుగుపడవలో ఆ వంకాయల బరువు ఒడిలో పెట్టుకుని కూర్చుంది రోహిణి. తన నిర్లక్ష్యం వల్ల బిడ్డ చదువు ఆగిన ఇంట్లో ఒక్క పరుష మాట అనకుండా గోనె పరిచారు, కూరగాయలిచ్చారు. ఆ మంచితనానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో ఆమెకి తెలియలేదు. తెలిసిన దారి ఒక్కటే. ఆ దారి తన ఇంటి మీదుగా, మొగుడి నాలుగేళ్ళ పని మీదుగా పోతుంది.

*

ఆ సాయంత్రం చక్రధర్ మిరపకాయ బజ్జీల పొట్లంతో దిగాడు. చేతులు కడుక్కుని అలవాటుగా పలక ముందుకు జరిపాడు. "రేపేమిటో అడుగుదామా?"

రోహిణి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పెళ్ళయిన నాలుగు నెలల్లో ఆమె అతనికి ఏదీ కాదనలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నోటికి చిన్నమాట ముందొచ్చింది.

"నాకు ఆనపకాయ ఇష్టం లేదండీ."

అతను బజ్జీ నోటి దగ్గర ఆపేశాడు. "నాకూ లేదు."

"మరి రెండుసార్లు వడ్డించుకునేవారు?"

"నువ్వు అంత ఇష్టంగా పెడుతుంటే ఎలా కాదంటాను? నీకు ప్రాణమనుకున్నాను."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆమె నవ్వు ముందు ఆగింది. అప్పుడు సలోమి సంగతి మొత్తం చెప్పింది. పడవ, కుక్కలు, మోకాలి దెబ్బ, 'చెయ్యి తీసాక అనిపించలేదండి' అన్న మాట.

చక్రధర్ మొహం మారింది. "ఒక్క అమ్మాయి రోహిణీ. మిగతా ముప్పై మందికి బాగానే ఉంది కదా?"

"బాగానే ఉందని ఎవరు చెప్పారండీ? బల్లే కదా."

"నాలుగేళ్ళు పట్టింది నాకు."

"తెలుసు. అందుకే మూడు గంటల నుంచి ఏడుస్తూ కూర్చున్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆ కింద కొట్టుకునే నాడి ఎవరిదండీ? ఆ రోజు పాలు పొంగి చెప్పలేదు మీరు."

అతను బజ్జీల పొట్లం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నీదే" అన్నాడు.

పెళ్ళయిన పదో రోజు అన్నవరంలో వ్రతం చేయించుకుని వస్తున్నారు. బస్సులో కిటికీ పక్కన ఆమె, ఒళ్ళో ఆకు దొన్నెలో ప్రసాదం. ఆమె అరచేతికి అతను రాగి పట్టీ చుట్టాడు. ఏదో ఆటనుకుంది. దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. కిటికీ వెయ్యనా? టీ తాగుదామా? ఈ సీటు బాగుందా? నీ చీర కొంగు తడిసినా ఫర్వాలేదా? ముప్పై ప్రశ్నలు. ముప్పైకీ ఆమె సరేనంది. హాయిగా ఒప్పుకున్న చెయ్యి కోసం రెండేళ్ళుగా వెతుకుతున్న చక్రధర్‌కి అంతకంటే శుభ్రమైన నమూనా దొరకలేదు.

రోహిణి తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "ఆ రోజు బస్సు లోయలోకి పోనిమ్మంటారా అని అడిగినా సరే అనేదాన్నండీ."

అతను నవ్వలేదు. పలక తీసుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. అది వాళ్ళ మొదటి తగువు. ఆ పూట అన్నం దగ్గర గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. ఇంట్లో నిశ్శబ్దం హాయిది, అలకది అని రెండు రకాలుగా ఉంటుందని రోహిణికి ఆరోజే తెలిసింది.

మర్నాడు ఆదివారం. ఆమె లేచేసరికి అతను అప్పటికే కంప్యూటర్ ముందు ఉన్నాడు. కాఫీ తెచ్చి పక్కన పెడితే, తల తిప్పకుండానే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"చూడు. ముప్పై ఒక్క చేతులు. ఆ సాధన గంట ప్రశ్న అడిగినప్పటివి." తెర మీద సన్నటి గీతలు. "వెచ్చదనం మొదలవ్వడానికి అర సెకను పడుతుంది. ఆ మొదటి అర సెకను ఎప్పుడూ గజిబిజిగా వస్తుందని చెత్తకింద లెక్కేసి కత్తిరించేశాను. ఇప్పుడు దాన్నే చూశాను."

ఒక గీత మొదట్లో నిటారుగా లేచి, తర్వాత అమాయకంగా చదునైపోయింది. కింద చిన్న అంకె. సలోమి నిలబడే చోటు.

"ఈ అమ్మాయి చెయ్యి మంచుగడ్డలా బిగుసుకుంది రోహిణీ. తర్వాత నీ నాడి తగిలింది. సర్దుకుంది." అతను మిగతా గీతలు చూపించాడు. "ఒక్కతే కాదు. పదకొండు మంది."

"వెచ్చదనం తీసేస్తే?"

"చదవడం కుదరదు. కుదిరిందే అనుకో. ఈ గీత చూసి ఓ పిల్ల భయపడిందని తెలుస్తుంది. పడవుందని తెలుస్తుందా? అది ఎవరో ఒకరు నోటితో చెప్పాల్సిందే." కాఫీ గ్లాసు అందుకున్నాడు. "రాసెయ్యి. ఉన్నదున్నట్టు రాయి. అన్నవరం బస్సు సంగతితో సహా."

"మీకేమవుతుంది?"

"రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు కొలిచే పనుంది మా దగ్గర. కంపు కొడుతుందని ఎవరూ వెళ్ళరు. నన్ను పంపుతారు." ఒక గుక్క తాగి మెల్లగా అన్నాడు. "నువ్వు నిన్న కాదనకపోతే నాలుగు వందల బళ్ళకి వెళ్ళేది."

అతని కళ్ళ కింద నల్లగా ఉంది. ఆ నాలుగేళ్ళు ఎక్కడికి పోయాయో ఆ మొహంలో కనిపిస్తూనే ఉంది. అయినా అతను ఆమె చెయ్యి వదల్లేదు. అన్నిటికీ సరేననిపించుకోవడం కంటే కాదనిపించుకుని కూడా పక్కనే కూర్చోవడం ఎంత పెద్ద సంగతో రోహిణికి ఆ పొద్దున తెలిసొచ్చింది. ఇలాంటి మనిషిని తనకి చూసిపెట్టిన పిన్నికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఆరోజు మార్తమ్మ వంకాయలు వండుకున్నారు.

*

దసరా సెలవులకి ముందురోజు ఆఖరి పీరియడ్. బల్ల విప్పి తీసుకెళ్ళడానికి చక్రధర్ స్క్రూడ్రైవర్ల సంచీతో వచ్చాడు. "ఒక్క గంట ఆగండి, క్లాసుంది" అని రోహిణి అతన్ని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టింది. పక్కన సలోమి. ఈ ఒక్క రోజుకి పంపమని రోహిణి రేవు దాటి వెళ్ళి మార్తమ్మని బతిమాలి తీసుకొచ్చింది.

"సాధన గంట సంగతి మళ్ళీ మొదటి నుంచి మాట్లాడుకుందాం," అంది రోహిణి. "పోయినసారి నేను తొందరపడ్డాను. తప్పు నాది. ఎవరికి ఎప్పుడు కుదురుతుందో, ఎందుకు కుదరదో చెప్పండి. బల్లకి కరెంటు తీసేశాను."

ఎవరూ పలకలేదు. మూడు నెలలుగా ఎవరికీ మాట్లాడే పని పడలేదు. కొందరి అరచేతులు తెలియకుండానే బెంచీ మీదికి వెళ్ళి వెచ్చదనం కోసం తడుముకుని, దొరక్క, ముడుచుకున్నాయి. రోహిణి ఎదురుచూసింది. గోడగడియారం చప్పుడు వినిపించింది. సాయం చెయ్యాలని నోటిదాకా వచ్చిన మాటని ఆమె మింగేసింది.

ఆఖరి వరసలో సలోమి లేచింది. బెంచీ అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"నాకు కుదరదండి," అంది. ఎవరికీ సరిగా వినపడలేదు. గట్టిగా ఊపిరి తీసుకుంది. "బడయ్యాకంటే నాకు కుదరదండి. పడవుందండి. నాలుగుముప్పావుకండి."

తరగతి అంతా వెనక్కి తిరిగింది. గంగరాజు నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత తన నెత్తి మీద తనే ఒకటి కొట్టుకున్నాడు.

"అవునండి, పడవుంది కదండి. నాకు తెలుసండి. ఎలా మర్చిపోయానండి?" లేచి నిలబడ్డాడు. "అసలు నాకూ కుదరదండి. గేదెలున్నాయండి. రోజూ మా నాన్న తిడతన్నాడండి."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?" అంది మాధురి.

"నువ్వెందుకు చెప్పలేదు? నీకు సంగీతం క్లాసు లేదా?"

అంతే. పొద్దున్నే పెట్టాలని ముగ్గురన్నారు, పొద్దున్నే అయితే బస్సు దొరకదని నలుగురన్నారు. మధ్యాహ్నం అయితే భోజనం తొందరగా తినాలని ఒకడు బెంగపెట్టుకున్నాడు. అప్పుడే హెడ్మాస్టరు గారు నివేదిక మీద సంతకానికి రమ్మని కబురు పంపారు. "మీరు మాట్లాడుకోండి, వస్తాను" అని రోహిణి వెళ్ళింది.

హెడ్మాస్టరు గారు కాగితం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "బస్సు సంగతి కూడా రాసావేంటమ్మా?"

"ఆయనే రాయమన్నారండి."

రోహిణి సంతకం పెట్టింది. వరండాలోకి రాగానే ఏడో తరగతి గోల ఎదురొచ్చింది. పక్క క్లాసు టీచరు తలుపు వేసుకుంది. జూన్ తర్వాత ఆ గోల వినలేదు తను. కొత్తగా వేసిన పాటలా విన్నది.

గుమ్మంలో ఆగిపోయింది. బోర్డు నిండిపోయింది. 'మాట్లాడినవారు' కింద మూడు వరసల్లో పేర్లు. చోటు చాలక కొన్ని అడ్డంగా రాసింది మాధురి. గంగరాజుకి మూడు ఇంటూలు. ఒక మూల 'చక్రధర్ సార్' అని, పక్కన ఒక ఇంటూ.

"సారేం మాట్లాడారు?"

"మధ్యాహ్నం పెట్టుకుంటే నయమేమోనన్నారండి. మీకు ఓటు లేదండి అన్నాను. మళ్ళీ ఎందుకు లేదన్నారండి," అంది మాధురి. సుద్దముక్క గోరంత మిగిలింది.

చక్రధర్ తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకుని నవ్వుతున్నాడు.

మధ్యాహ్నమే అని తేలింది. చేతులెత్తి, పంతొమ్మిది మంది అటు, పన్నెండు మంది ఇటు. ఓడిపోయిన పన్నెండు మందీ మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. ఆ ముడుచుకున్న మొహాలు రోహిణికి ఎంత ముద్దొచ్చాయో చెప్పలేం. మొదటి వారం చూసి బాగోకపోతే మళ్ళీ మాట్లాడుకుందామని వాళ్ళకి మాటిచ్చింది.

సలోమి ఇంకా నిలబడే ఉంది. బోర్డు వైపే చూస్తోంది. అందరికంటే పైన, మొట్టమొదటి పేరు తనది. దాని పక్కన నాలుగు ఇంటూలు.

"టీచర్ గారండీ," అంది. "ఇది తుడవకుండా సెలవులయ్యేదాకా ఉంచొచ్చా అండి?"

రోహిణి తరగతి వైపు తిరిగింది. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

"ఉందండి," అంటూ లేచాడు గంగరాజు. "నాకు మూడు ఇంటూలే వేసిందండి. సలోమికి నాలుగండి. ఇది అన్యాయమండి, నేను దానికంటే ఎక్కువ మాట్లాడానండి."

గంట కొట్టేశారు. ఎవరూ సంచులు సర్దుకోలేదు. వెనకబెంచీలో చక్రధర్ స్క్రూడ్రైవర్ మళ్ళీ సంచీలో పెట్టేశాడు. రోహిణి గడియారం వైపు చూసింది. పడవకి ఇంకా అరగంట ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పు గంగరాజూ. వింటున్నాం."